ఇంగ్లిష్ బ్రాడ్‌సైడ్ బ్యాలడ్ ఆర్కైవ్ రివ్యూ: 400 ఏళ్ళ నాటి మొగుడు పెళ్ళాల గొడవలు, ట్యూన్‌తో సహా

షేక్‌స్పియర్ కాలం నుంచి 1700 దాకా ఇంగ్లండ్‌లో మామూలు జనం వీధుల్లో ఏం పాడుకున్నారు, ఆడవాళ్ళకి ఏం బుద్ధులు చెప్పారు, మగవాళ్ళని దేనికి ఎగతాళి చేశారు, ఇలాంటివి తెలుసుకోవాలని ఉంటే చరిత్ర పుస్తకం కొనేముందు ఈ సైట్ ఒకసారి తెరవండి. పేరు ఇంగ్లిష్ బ్రాడ్‌సైడ్ బ్యాలడ్ ఆర్కైవ్. వాడేవాళ్ళు ముద్దుగా ఎబ్బా అంటారు. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా క్యాంపస్‌లో ప్యాట్రీషియా ఫ్యూమర్టన్ అనే ప్రొఫెసర్ 2003లో మొదలుపెట్టారు. నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ నిధులతో ఇంత పెద్దదైంది. లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. నా రేటింగ్ 5కి 4.5. ఆ అర ఎక్కడ తగ్గిందో తర్వాత చెప్తాను, ముందు లోపల ఏముందో చూద్దాం.

బ్రాడ్‌సైడ్ అంటే ఒకవైపే అచ్చేసిన ఒంటి కాగితం, బ్యాలడ్ అంటే దాని మీద ఉండే పాట. పైన టైటిల్, దాని కింద "ఫలానా పాట వరుసలో పాడుకోవాలి" అని ఒక లైను, చెక్క మీద చెక్కి అచ్చేసిన బొమ్మలు ఒకటో రెండో, ఆ కింద బ్లాక్‌లెటర్ అనే మందపాటి గోతిక్ అక్షరాల్లో పాట. స్వరాలు మామూలుగా ఇవ్వరు, ట్యూన్ అందరికీ తెలిసిందే కాబట్టి పేరు చెప్తే చాలు. ధర ఒక పెన్నీ. 1600 ప్రాంతంలో దక్షిణ ఇంగ్లండ్‌లో కూలీకి రోజుకి 8 పెన్నీల దాకా వచ్చేది, అంటే పేదవాడు కూడా ఎప్పుడైనా ఒకటి కొనుక్కోగల వస్తువే. వీధిలో నిలబడి పాడుతూ అమ్మేవాళ్ళు, సంతల్లో అమ్మేవాళ్ళు, ఊరూరా మూట మోసుకుంటూ తిరిగి అమ్మేవాళ్ళు, వాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. కొన్నవాళ్ళు ఇంటి గోడకో, ఏల్ అనే బీరు తాగే కొట్టు గోడకో అంటించేవాళ్ళు. 1640ల్లో సంతకం పెట్టగలిగినవాళ్ళు మగవాళ్ళలో వందకి 30 మంది, ఆడవాళ్ళలో 10 మంది అని చరిత్రకారుల అంచనా. అప్పట్లో ముందు చదవడం, తర్వాతే రాయడం నేర్పేవాళ్ళు కాబట్టి చదవగలిగినవాళ్ళు ఇంతకంటే ఎక్కువే ఉండి ఉంటారు. అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా ఈ కాగితం చేరింది, ఎందుకంటే అది పాట. ఒకరు పాడితే చుట్టూ ఉన్న పదిమందీ నేర్చుకుంటారు.

ఇది పెద్ద వ్యాపారం కూడా. 1624 డిసెంబర్‌లో కొందరు ప్రచురణకర్తలు జట్టు కట్టి లండన్ స్టేషనర్స్ కంపెనీ (అచ్చు, పుస్తకాల వ్యాపారుల సంఘం) రిజిస్టర్‌లో ఒకేసారి 128 పాటలు తమ పేరున రాయించుకున్నారు. ఆ కంపెనీ రిజిస్టర్‌లో ఎక్కితే హక్కు మీది, ఇంకొకరు అచ్చేయడానికి లేదు. అచ్చు పనివాడు పోతే అతని భార్య షాపు నడపవచ్చు. ఎడ్వర్డ్ ఆల్డ్ పోయాక ఎలిజబెత్ ఆల్డ్ అలాగే ప్రెస్ నడిపింది. భార్య నోరు మూసుకుని ఉండాలని చెప్పే పాటలు అమ్ముడయ్యే లోకంలోనే, ప్రెస్ నడిపి పనివాళ్ళకి జీతాలిచ్చే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. పాట చదివేటప్పుడు కింద అచ్చేసినవాళ్ళ పేరు కూడా చూడమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. సైట్‌లో ఆ పేరు మీద వెతుక్కునే వీలుంది.

ఇక సైట్ సంగతి. కేంబ్రిడ్జ్‌లో మాగ్డలెన్ కాలేజీలో ఉన్న శామ్యూల్ పీప్స్ (డైరీతో పేరుపొందిన 17వ శతాబ్దపు లండన్ ఉద్యోగి) సేకరణ, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న రాక్స్‌బర్గ్ సేకరణ, గ్లాస్గో యూనివర్సిటీలో ఉన్న యూయింగ్ సేకరణ, కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీవి, ఇలా వేరువేరు చోట్ల ఉన్నవన్నీ ఒకే చోట దొరుకుతాయి. పీప్స్ దగ్గరే 1,800 పైగా ఉన్నాయి, రాక్స్‌బర్గ్‌లో సుమారు 1,500. ఒక్కో పాటకి ఒక పేజీ. అందులో అసలు కాగితం ఫొటో ఒకటి. అదే కాగితంలో బొమ్మలు, అలంకారాలు అలాగే ఉంచి గోతిక్ అక్షరాల బదులు మనం సులువుగా చదవగలిగే అక్షరాలు పెట్టిన కాపీ ఇంకొకటి. ఉత్త పాఠం విడిగా. ట్యూన్ దొరికిన వాటికి పాడిన రికార్డింగ్. వాయిద్యాల హంగు లేకుండా గొంతుతో పాడినవే ఎక్కువ, వీధిలో అమ్మేవాళ్ళు పాడింది కూడా అలాగే కాబట్టి అది నాకు నచ్చింది.

ఆ రెండో కాపీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గోతిక్ అక్షరాలు మొదటిసారి చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి, ఎస్ అక్షరం ఎఫ్ లాగా కనిపిస్తుంది, ఒక పద్యం దాటేసరికి ఓపిక పోతుంది. సైట్ వాళ్ళు ఒక్కో కాగితానికీ కూర్చుని, ఏ లైను ఎక్కడుందో అక్కడే మామూలు అక్షరాల్లో పెట్టారు. దీనివల్ల బొమ్మ పక్కన ఏ పద్యం పడింది, రెండో భాగం ఎక్కడ మొదలైంది అన్నీ తెలుస్తాయి. ఉత్త పాఠం చదివితే ఇవి తెలియవు. పైగా పీప్స్ మహాశయుడు తన ఆల్బమ్‌లలో పట్టడానికి కాగితాలని కత్తిరించి అంటించాడు. మంచి సేకరణే, కానీ కాగితం ముక్కలైంది. ఎబ్బాలో ఆ ముక్కలు కలిపి మళ్ళీ ఒకే కాగితంగా చూసుకోవచ్చు, ఆల్బమ్‌లో ఎలా ఉందో అలా కూడా చూసుకోవచ్చు.

పీప్స్ తన పాటలని సెక్షన్లుగా విడదీశాడు. భక్తి, నీతి ఒకటి. హత్యలు, ఉరిశిక్షలు, దేవుడి తీర్పులు ఒకటి. సుఖమైన ప్రేమ ఒకటి, దురదృష్టపు ప్రేమ ఒకటి, తాగుడు స్నేహాలు ఒకటి. పెళ్ళిని మాత్రం రంకుతో కలిపి ఒకే సెక్షన్‌లో పెట్టాడు. ఆ రోజుల్లో చదువుకున్న మగవాడు పెళ్ళి పాటల్ని ఏ గూట్లో పెట్టాడో అక్కడే కనిపిస్తుంది. భార్య తప్పు చేస్తే నవ్వులపాలయ్యేది మొగుడు, అతని తలకి కొమ్ములు మొలిచినట్టు బొమ్మ వేస్తారు. మగవాడి పరువు అతని చేతిలో లేదు, ఆమె నడవడిలో ఉంది అని నమ్మిన సమాజం అది. ఆ భయం తెలిస్తే పాటల్లో ఇంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ సైట్‌లో అందరూ కీవర్డ్ దగ్గర మొదలుపెడతారు. జెండర్, పెళ్ళి, కుటుంబం, హింస, శిక్ష, ఇలాంటి ట్యాగ్‌లు ఉన్నాయి, నొక్కితే వందల పాటలు వచ్చి పడతాయి. నా సలహా, అలా వెళ్ళకండి. ట్యూన్ పేరు పట్టుకుని వెళ్ళండి. ఈ సర్వీస్ విలువంతా అక్కడుంది.

ఉదాహరణ చెప్తాను. 1616లో అచ్చయిన ఆన్ వాలెన్ విలాపం అనే పాట తీసుకోండి, పీప్స్ సేకరణలో ఉంది. లండన్‌లో స్మిత్‌ఫీల్డ్ దగ్గర కౌ లేన్‌లో జాన్ వాలెన్ అని కొయ్య సామాన్లు చెక్కే పనివాడు, అతని భార్య ఆన్. జూన్ 22న అతన్ని చంపింది, జూలై 1న ఆమెని స్మిత్‌ఫీల్డ్‌లో సజీవంగా దహనం చేశారు. ఈ తేదీలన్నీ టైటిల్‌లోనే ఉన్నాయి, అప్పట్లో పాటే వార్తాపత్రిక. మొగుణ్ణి చంపితే అది మామూలు హత్య కాదు, చిన్న రాజద్రోహం. 1351 నాటి చట్టం ప్రకారం రాజు మీద ప్రజ తిరగబడటం ఎలాంటిదో ఇంట్లో మొగుడి మీద భార్య తిరగబడటమూ అలాంటిదే, దానికి ఆడవాళ్ళకి పడే శిక్ష సజీవ దహనం. మొగుడు భార్యని చంపితే మాత్రం హత్య, ఉరి. ఈ దహన శిక్ష 1790 దాకా చట్టంలో ఉంది.

పాట మొత్తం ఆన్ నోటితో నడుస్తుంది. నేనే గయ్యాళిని, ఇంటికొచ్చి పడుకున్న మొగుణ్ణి నేనే తిట్టిపోశాను, తాగుబోతు అన్నాను, నోటికొచ్చినదల్లా అన్నాను, చివరికి అతని ఉలి తీసుకుని పొడిచాను, భార్యలారా నన్ను చూసి బుద్ధి తెచ్చుకోండి అని. చదివితే కచ్చితంగా ఆమే చెప్పుకున్నట్టు ఉంటుంది. కింద సంతకం చూస్తే టి. ప్లాట్ అని రచయిత పేరు. అదే వారంలో జాన్ చాంబర్లెయిన్ అనే లండన్ పెద్దమనిషి స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఈ కేసు ఇంకోలా ఉంది. మొగుడు గొడవపడి ఆమెని కొట్టాడు, ఆమె చేతికందిన ఉలిలాంటిది విసిరింది, అది పొట్టలో తగిలి పోయాడు, నేను విన్నదే నిజమైతే ఆమెకి చట్టం మరీ కఠినంగా అమలైందని ఆయన అభిప్రాయం. ఉత్తరం ఒక్కరు చదివారు. పాట లండన్ వీధుల్లో అమ్ముడైంది.

ఇక్కడే ట్యూన్ మీద నొక్కండి. ఆన్ పాటకి ఇచ్చిన వరుస "ఫార్చ్యూన్ మై ఫో". ఆ రోజుల్లో శిక్షపడ్డవాళ్ళ పాటలకి ఎక్కువగా వాడిన ట్యూన్, ట్యూన్ మొదలవగానే ఇది చావు కబురని జనానికి తెలిసిపోయేది. ఆ ట్యూన్‌తో వచ్చే జాబితాలో దెయ్యానికి ఆత్మ అమ్ముకున్న ఫాస్టస్ పాట ఉంది, షేక్‌స్పియర్ నాటకంలోని టైటస్ ఆండ్రోనికస్ కథ పాట ఉంది, వాటి మధ్యలో ప్లిమత్ ఊరి పేజ్ గారి భార్య విలాపం అని ఇంకొకటి కనిపిస్తుంది. ఇదీ మొగుడి హత్యే, 1591 నాటి కేసు. ఇష్టం లేకుండా పెళ్ళి చేశారు, ఆమె మనసు జార్జ్ స్ట్రాంగ్‌విడ్జ్ మీద ఉంది, చివరికి మొగుడి హత్యకి ఒప్పుకుంది, ఇద్దరికీ బార్న్‌స్టపుల్‌లో మరణశిక్ష పడింది. ఆమెకి బలవంతంగా పెళ్ళి చేశారన్న సంగతి టైటిల్‌లోనే వేశారు. పాటలో ఆమె తప్పు ఒప్పుకుంటుంది, ఒప్పుకుంటూనే డబ్బుకి ఆశపడి తన గొంతు కోసిన తల్లిదండ్రుల్ని నిలదీస్తుంది, పిల్లల మనసు తెలుసుకోకుండా పెళ్ళిళ్ళు చేయకండని ఊళ్ళో తల్లిదండ్రులకి చెప్తుంది.

ఒకే ట్యూన్, ఒకే నేరం, ఇద్దరికీ చావే. ఒక పాటలో తప్పంతా భార్య నోటిది, ఇంకో పాటలో తప్పులో సగం ఆమెని కన్నవాళ్ళది. ఆ కాలంలో ఆడవాళ్ళ గురించి ఇలా అనుకునేవాళ్ళు అని ఒక్క వాక్యంలో తేల్చేసే పుస్తకాలు చదివి విసిగినవాళ్ళు ఈ రెండూ వెంటవెంటనే వినండి. ఒకే జనం, ఒకే గోడ మీద, ఈ రెండు కాగితాలూ అంటించుకుని ఉండవచ్చు. కీవర్డ్ దారిలో వెళ్ళి ఉంటే ఇవి రెండూ వందల పాటల్లో ఎక్కడెక్కడో ఉండేవి.

ఇంకో జత. మార్టిన్ పార్కర్ అని ఆ కాలంలో బాగా పేరున్న పాటల రచయిత, కాగితం చివర ఎం.పి. అని పొడి అక్షరాలు ఉంటాయి. 1634 ప్రాంతంలో ఆయన ఒక పాట రాశాడు. మొగుడు చెప్తున్నాడు, నా పెళ్ళాం అన్నిట్లోనూ బంగారం, అందం ఉంది, పనితనం ఉంది, ఒక్క నోరే అదుపులో ఉండదు అని. ప్రతి పద్యం ఆ నోటి దగ్గరికొచ్చి ఆగుతుంది. ఆ పాట ఊపందుకున్నాక అదే ట్యూన్‌లో, దాదాపు అదే మాటల కట్టులో ఆయనే జవాబు కూడా రాశాడు. ఇందులో భార్య చెప్తుంది, నా మొగుడు అన్నిట్లోనూ మంచివాడే, నేనంటే ఇష్టమే, కాకపోతే కొడతాడు. మీరు పూర్తి మగవాళ్ళు అనిపించుకోవాలంటే ఏం చేసినా చేయండి, పెళ్ళాన్ని మాత్రం కొట్టకండి అని.

మొదటి పాట పాడుకున్న నోళ్ళే రెండోదీ పాడాయి, ట్యూన్ అదే కాబట్టి నేర్చుకునే పని కూడా లేదు. పార్కర్‌కి ఆడవాళ్ళ మీద జాలి కలిగిందా, రెండో పెన్నీ కోసం రాశాడా అని అడిగితే, రెండూ కావచ్చు. నాకు ముఖ్యమైంది ఇంకొకటి. ఆ జవాబు పాట కొనేవాళ్ళు ఉన్నారు. కొనేవాళ్ళు లేకపోతే ఏ ప్రచురణకర్తా కాగితం ఖర్చు పెట్టుకోడు. అంటే భార్యని కొట్టడం తప్పు అని పైకి పాడగలిగే జనం 1630ల లండన్‌లో పెన్నీ ఇచ్చి కొనేంతమంది ఉన్నారు. చర్చి ప్రసంగాలు, కోర్టు రికార్డులు చూస్తే ఈ విషయం ఇంత సూటిగా దొరకదు.

మెత్తటి పాటలే ఉంటాయనుకోకండి. గయ్యాళికి నీళ్ళలో ముంచే శిక్ష గురించిన పాట పీప్స్ మొదటి సంపుటంలో ఉంది. కుర్చీకి కట్టి చెరువులో ముంచడం నిజంగా అమలైన శిక్షే. పాటలో ఆమెని లోపలి చొక్కాతో తోపుడు బండిలో కూర్చోబెట్టి, మెడలో ఎద్దు నాలుకలు దండగా వేసి, ఊరేగింపుగా తీసుకెళ్తారు. ఎద్దు నాలుకలు, చూడండి. నోరు పారేసుకున్నదానికి నాలుకల దండ. ఆ వివరం చదివాక నాకు చాలాసేపు మనసు బాగోలేదు. పాట హుషారైన ట్యూన్‌లో, నవ్విస్తూ నడుస్తుంది, అందుకే ఇంకా బాధగా ఉంటుంది. పిల్లలకి చూపించేముందు మీరు ఒకసారి చదువుకోండి. సైట్‌లో ముందస్తు హెచ్చరికలు ఆశించకండి.

రోజువారీ బతుకు కావాలంటే "ఆడదాని పని ఎప్పటికీ తెమలదు" అనే అర్థం వచ్చే టైటిల్‌తో రాక్స్‌బర్గ్‌లో ఒక పాట ఉంది. పెళ్ళికాని పిల్లలు కూర్చోవచ్చు, తిరగవచ్చు, పరుగెత్తవచ్చు, ఇల్లాలికి మాత్రం పని తీరదు అని పైనే వేశారు. తెల్లారి లేచి పొయ్యి రాజేసి, ఇల్లు ఊడ్చి, పిల్లలకి బట్టలు తొడిగి, తిండి పెట్టి, మొగుడికి భోజనం వేళకి వండి, రాత్రి పడుకున్నాక చంటిపిల్ల ఏడిస్తే లేచి, మళ్ళీ తెల్లారి. ఇంతే పాట. ఏ గంటకి ఏ పని అన్నది వరుసగా వస్తుంది. సామాజిక చరిత్రకి ఇంతకంటే మంచి ఆధారం ఏముంటుంది. మా అమ్మకి దీని అర్థం చెప్తే "ఎవరు రాశారు ఇది, మన వీధిలోనే ఉన్నట్టున్నారు" అంది.

దీని పక్కన చదవాల్సింది పార్కర్‌దే ఇంకొకటి, భార్యాభర్తలు పనులు మార్చుకునే కథ. ఆమె నాగలి దగ్గరికి వెళ్తుంది, ఆయన పాడీ కోళ్ళూ ఇల్లూ చూసుకుంటాడు, ఇద్దరూ చెడగొట్టి చివరికి ఎవరి పని వాళ్ళు తీసుకుంటారు. ఎవరి చోట్లో వాళ్ళుండాలన్న పాత నీతే. కానీ ఆ నీతి దాకా రావడానికి పాట సగానికి పైగా మగవాడికి ఇంటిపని చేతకాదని చూపించాల్సి వచ్చింది, వింటున్న ఆడవాళ్ళు ఎక్కడ నవ్వి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

బొమ్మల సంగతి చిన్నగా చెప్తాను. చెక్క దిమ్మ చేయించడం ఖర్చు, అందుకే ఒకే బొమ్మని ఏళ్ళ తరబడి వేరువేరు పాటలకి వాడేవాళ్ళు. ఒక పాటలో గౌరవమైన ఇల్లాలుగా కనిపించిన మూర్తి ఇంకో పాటలో రంకులాడిగా కనిపిస్తుంది, బట్టలూ భంగిమా అవే. ఒక బొమ్మ ఇంకా ఏయే కాగితాల మీద పడిందో పోల్చి వెతికే టూల్ కూడా ఈ ప్రాజెక్టులో తయారుచేశారు, ఆర్చ్-వి అని. దుస్తుల చరిత్ర చదివేవాళ్ళు మాత్రం జాగ్రత్త, పాట 1680 నాటిదైనా బొమ్మలో బట్టలు అంతకు చాలా ముందువి కావచ్చు.

ఇక అర మార్కు తగ్గించిన సంగతి. మొదటిది స్పెల్లింగ్. పాఠాన్ని అప్పటి స్పెల్లింగ్‌తోనే ఉంచారు, అది సరైన నిర్ణయమే, కాకపోతే వెతికేటప్పుడు ఒకే మాటని నాలుగు రకాలుగా టైప్ చేయాలి. వైఫ్ అనే మాటకి ఐ బదులు వై ఉండవచ్చు, మర్డర్‌లో డి బదులు టి, హెచ్ ఉండవచ్చు. కొత్తవాళ్ళు ఒకసారి టైప్ చేసి ఏమీ లేదనుకుని వెళ్ళిపోతారు. రెండోది తేదీలు. చాలా కాగితాల మీద సంవత్సరం అచ్చవలేదు, ప్రచురణకర్త ఏ ఏళ్ళలో వ్యాపారం చేశాడో దాన్నిబట్టి ఒక రేంజ్ ఇస్తారు, పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది. సైట్ నిజాయితీగానే చెప్తోంది. చదివేవాళ్ళే ఆ ప్రశ్నార్థకాన్ని వదిలేసి పేపర్లలో కచ్చితమైన సంవత్సరంగా రాసేస్తున్నారు. మూడోది, పాత మాటలకి పేజీలోనే అర్థాలు ఉంటే బాగుండేది. మనలాంటి వాళ్ళకి, ఇంగ్లిష్ రెండో భాషగా చదువుకున్నవాళ్ళకి, పక్కన ఒక మంచి డిక్షనరీ తెరిచి ఉంచుకోక తప్పదు. నాలుగోది, ట్యూన్ తెలియని పాటలకి రికార్డింగ్ ఉండదు, అది ఎవరి తప్పూ కాదు. కాగితాలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఫోన్ కంటే కంప్యూటర్ మీద చూడండి. పాట వినడానికి ఫోన్ చాలు.

ఇంకో పరిమితి కూడా తెలిసి ఉండాలి. ఇది వీధి పాటల సైట్. భార్య ఎలా ఉండాలి, నౌకరు ఎలా ఉండాలి అని పేజీలు పేజీలు రాసిన నడవడి పుస్తకాలు ఇందులో ఉండవు. వాటికి ఎర్లీ ఇంగ్లిష్ బుక్స్ ఆన్‌లైన్ అనే పాత ఇంగ్లిష్ పుస్తకాల సైట్ వాళ్ళ టెక్స్ట్ క్రియేషన్ పార్ట్‌నర్‌షిప్ పాఠాలు చూడాలి. 2015 జనవరి 1న 25,000 పైగా పుస్తకాల పాఠం అందరికీ ఉచితం చేశారు, 2020లో మిగిలినవీ వదిలారు, మొత్తం 60,000 దాటాయి. పేజీల ఫొటోలకి మాత్రం యూనివర్సిటీ చందా కావాలి. పాటలు అక్కడ, పుస్తకాలు ఇక్కడ పెట్టుకుని చదివితే రుచి వేరే. 1615లో జోసెఫ్ స్వెట్నమ్ ఆడవాళ్ళందరినీ తిడుతూ ఒక పుస్తకం వేశాడు, అది మళ్ళీ మళ్ళీ అచ్చయింది, 1617లో రేచల్ స్పెట్ అనే అమ్మాయి, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, తన సొంత పేరు పెట్టుకుని జవాబు అచ్చేయించింది. పాటల్లో చూసిన మాటకి మాట అనే పద్ధతి ఇక్కడా ఉంది, కానీ ఇక్కడ జవాబు చెప్పింది నిజంగా ఒక ఆడపిల్ల.

విలియం గౌజ్ అని లండన్ బ్లాక్‌ఫ్రయర్స్ చర్చిలో ప్రసంగాలు చేసే ఆయన 1622లో ఇంటి ధర్మాల మీద లావుపాటి పుస్తకం వేశాడు. ముందుమాట తప్పకుండా చదవండి. మొగుడి అనుమతి లేకుండా ఇంటి ఆస్తిలోంచి భార్య ఏదీ ఇవ్వకూడదని చర్చిలో చెప్పినప్పుడు గట్టిగా అభ్యంతరాలు వచ్చాయని ఆయనే రాసుకున్నాడు, నేను ఆడవాళ్ళకి శత్రువుని కానని సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాడు. చాలామంది అధ్యాయాల దగ్గరికి వెళ్ళిపోయి ఆ ముందుమాట వదిలేస్తారు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఏమనుకున్నారో దొరికేది అక్కడే.

మన దగ్గర ఎం.ఏ. ఇంగ్లిష్ చదివేవాళ్ళకి, పాఠం చెప్పేవాళ్ళకి ఒక మాట. షేక్‌స్పియర్ నాటకంలో గయ్యాళిని లొంగదీసే కథ క్లాసులో చెప్పేటప్పుడు, నోట్స్‌కి ముందు పార్కర్ జంట పాటలు వినిపించండి. ఆ పాటలు నాటకం రాసిన తర్వాతివే, కానీ ఆ నాటకం చూసిన ఊరు ఇంట్లో ఏం మాట్లాడుకుందో పిల్లలకి వెంటనే తెలుస్తుంది, ఆ తర్వాత జరిగే చర్చ గైడ్ పుస్తకంలోంచి రాదు. నెట్ సరిగా లేని కాలేజీల్లో ముందే కాగితం బొమ్మలు ప్రింట్ తీసి పెట్టుకోండి.

చివరగా, ప్రతి పాటకీ ఒక ఎబ్బా నంబర్ ఉంటుంది. నోట్స్‌లో టైటిల్ కాదు, ఆ నంబర్ రాసుకోండి. ఒకే పాట వేరువేరు ప్రచురణకర్తలు వేరువేరు ఏళ్ళలో అచ్చేసినవి రెండు మూడు సేకరణల్లో ఉంటాయి, టైటిల్ పట్టుకుని వెళ్తే ముందు చూసిన కాగితం కాకుండా ఇంకొకటి తెరుచుకుంటుంది, పద్యాలూ బొమ్మలూ మారిపోయి ఉంటాయి.